పట్టుపురుగులకు క్వారంటైన్

కరోనా కాలంలో జనం నానా పిచ్చిపనులు చేశారు. వంకాయలను సబ్బుతో రుద్ది కడిగారు, పాల ప్యాకెట్లను దండెం మీద ఆరేశారు. వాళ్ళను చూసి నేను నవ్వను. ఆ అర్హత నాకు లేదు. నేను ఒక రైతు పంట మొత్తాన్ని క్వారంటైన్‌లో పెట్టినవాణ్ణి. అదీ నా బట్టల బీరువాలో. చదివాక మీరు నన్ను ఏమైనా అనుకోండి. మా ఆవిడ సరోజ అప్పుడే అన్నీ అనేసింది, కొత్తగా మీరు కలిపేదేమీ ఉండదు.

ముందు దీవి సంగతి చెప్పాలి. బహ్రెయిన్‌లో ఒక గోడౌన్‌కు స్టోర్‌కీపర్‌గా జీవితమంతా పనిచేసి, రిటైరై, సొంత ఊరు చింతామణికి వచ్చాం. ఇంటికి రంగులు వేయిస్తుంటే ఆ వాసన పడక, శిడ్లఘట్ట దారిలో ఒక రిసార్టులో దిగాం. రిసార్టు ఆసామి పొలం నడుమ గుండ్రంగా కాలువ తవ్వించి, బోరు నీళ్ళు నింపి, మధ్యలో మిగిలిన దిబ్బ మీద ఒక కాటేజీ కట్టి ‘హాలిడే ఐలాండ్’ అని బోర్డు పెట్టాడు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే తాలూకాలో దీవి! నేను మాత్రం మురిసిపోయాను. బహ్రెయిన్ కూడా దీవే కదా, అలవాటైన ప్రాణం.

సూట్‌కేసులు పూర్తిగా విప్పకముందే లాక్‌డౌన్ వచ్చింది. రంగులవాళ్ళు సగం గోడ వదిలేసి ఊరికి పోయారు. రిసార్టు పనివాళ్ళూ పోయారు. దీవి మీద మిగిలింది నేను, సరోజ, రంగు అంటుతుందని ఇంటినుంచి మోసుకొచ్చిన మా బట్టలన్నీ. అంటే ఆమె కంచి పట్టుచీరలు, నా బహ్రెయిన్ కోట్లు.

నేను పొద్దున్నే కోటు వేసుకుని దీవి చుట్టూ వాకింగ్ చేసేవాణ్ణి. మొదలుపెట్టిన చోటికే మళ్ళీ రావడానికి పెద్ద సేపేమీ పట్టేది కాదు. మిగతా పొద్దంతా టీవీ. దగ్గు, నీరసం, ఆకలి మందగించడం. రోగలక్షణాలు నాకు కంఠతా వచ్చేశాయి. చూడటానికి రోగి ఒక్కడూ దొరకడం లేదన్నదే లోటు.

అవతలి పొలం రైతు నారాయణప్ప మాకు పాలు తెచ్చేవాడు. ఒకరోజు పాలు పోసి కూడా చెక్కవంతెన మీద నిలబడిపోయాడు.

“అప్పా, మీ దీవిలో ఒక గది ఇస్తావా?”

“ఎవరికి?”

“నా పురుగులకి. రేకుల షెడ్డులో ఎండకి సతమతమవుతాండాయి. పైగా చీమలు. మామూలుగా పురుగుల స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడతాం, చీమలెక్కకుండా. మీ దీవే ఒక పెద్ద నీళ్ళ గిన్నె మాదిరి ఉండాది. ఏసీ కూడా ఉండాది.”

అతని కష్టం చిన్నది కాదు. భార్య సోమేనహళ్ళిలో పుట్టింటికి పోయి అక్కడే ఇరుక్కుంది. కూలీలు రావడం లేదు. “పోయిన పంట గూళ్ళు బండి దొరక్క ఇంట్లోనే ఉండిపోయినాయప్పా,” అన్నాడు. “లోపల పురుగుకి రెక్కలొచ్చి, గూడు చిల్లిచేసుకోని బయటికొచ్చేసింది. చిల్లిపడిన గూడు ఎవరు కొంటారు? ఇది కూడా పోతే వానలకి విత్తేదానికి నా దగ్గర ఏమీ ఉండదు.”

నాకు జాలి వేసింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! “దానికేమప్పా, తెచ్చుకో. మాది చింతామణి. పట్టు అంటే మా రక్తంలోనే ఉండాది,” అనేశాను. మా నాయనది బెల్లం అంగడి. పట్టుపురుగును నేను అంత దగ్గరగా ఎన్నడూ చూసి ఎరగను.

పురుగులు తట్టలతో సహా మా ముందుగదిలోకి దిగాయి. ఏసీ వాటికి, వరండా మాకు. అవి ఆకు నమిలే చప్పుడు వానపడుతున్నట్టు వినిపిస్తుంటే సరోజ రోజూ ఆరేసిన బట్టల కోసం బయటికి పరుగెత్తేది.

కొన్నాళ్ళకు నారాయణప్ప హడావిడిగా వచ్చాడు. “నేను శిడ్లఘట్టకి పోయి చంద్రికెలు తెస్తా,” అన్నాడు. చంద్రికె అంటే చుట్టలు చుట్టలుగా వెదురు అల్లిన పెద్ద తడిక. పురుగు గూడు కట్టుకునేది దాని మీదే. “సాయంత్రానికి వచ్చేస్తా. అంతలోపల పండేటట్టు ఉంటే గుర్తులు చెప్తా, విను...”

“నాకా చెప్పేది?” అన్నాను.

“లేదప్పా, ఒకసారి విను.”

“నారాయణప్పా, నువ్వు పో. నేను చూసుకుంటా.”

పోయాడు. మధ్యాహ్నం ఆకు వేయడానికి లోపలికి వెళ్ళాను. వాన చప్పుడు లేదు! వేసిన ఆకు వేసినట్టే ఉంది. పురుగుల ఒళ్ళంతా పసుపుపచ్చగా, లోపలికి కనిపించేలా పల్చబడింది. కొన్ని తలలు పైకెత్తి గాలిలో ఊపుతున్నాయి, కొన్ని తట్ట అంచులు పట్టుకుని దిక్కులేకుండా తిరుగుతున్నాయి.

“సరోజా! ఆకలి లేదు, రంగు మారింది, నీరసం. కరోనా!”

“పురుగులకా?”

“మనుషులకే వచ్చింది, పురుగులకు రాదా?”

“నారాయణప్పకి ఫోన్ చెయ్యండి.”

చేశాను. స్విచాఫ్. చెక్‌పోస్టులో నిలబెట్టారని, ఫోన్‌లో చార్జు అయిపోయిందని తర్వాత తెలిసింది. “పోనీ, ఇంకెవరైనా రైతును అడగండి,” అంది సరోజ. అడిగితే నా రక్తంలో ఉన్నది పట్టు కాదు, బెల్లం అని బయటపడుతుంది. అడగలేదు.

మాస్కు కట్టాను. చేతులకు పాల కవర్లు తొడిగాను. పాయసం చెంచాతో ఒక్కొక్క రోగినీ ఎత్తి విడివిడిగా పెట్టడం మొదలుపెట్టాను. టీ కప్పులో ఒకటి, కోడిగుడ్ల అట్ట గుంతల్లో తలా ఒకటి, బూట్లలో, చేతిరుమాలు మడతల్లో, కోటు చేతుల్లో, కోటు జేబుల్లో. చోటు చాలక బీరువా పైఅర తీశాను.

“నా కంచి చీరల్లోనా!” సరోజ అడ్డం వచ్చింది.

“రోగులు కదా, పడక మెత్తగా ఉండాలి.”

“వాటి అవ్వాతాతల్ని చంపి తీసిన పట్టు అది. చావబోయే వాటికి అదే పరుస్తాండారా?”

ఆ మాటకు కూడా నా చెంచా ఆగలేదు. పొద్దుగూకేసరికి రోగుల్లో సగంమందికి పైగా ఎవరి వార్డు వాళ్ళకు ఏర్పాటు చేసి, నడుము పట్టేసి వరండాలో పడ్డాను.

తెల్లారి నారాయణప్ప ఒక గూడ్స్ ఆటోలో చంద్రికెలతో దిగాడు. వంతెన మీదే ఎదురెళ్ళి భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. దూరం పాటించాలని గుర్తొచ్చి గాలిలోనే తట్టాను.

“నారాయణప్పా, ధైర్యంగా ఉండు. నీ పురుగులకి కరోనా తగులుకునింది.”

అతని తల మీది చంద్రికె కాలువలో పడింది. నన్ను తోసుకుని లోపలికి పరుగెత్తాడు. సగం ఖాళీ అయిన తట్టలు చూసి, “యాడ నా పురుగులు?” అని అరిచాడు.

నేను బీరువా తలుపు తీశాను.

నల్లకోటు తెల్లబడిపోయింది. జేబుల నిండా, చేతుల నిండా పట్టు దారాలు. మధ్యలో పల్చగా, గుడ్డు ఆకారంలో గూళ్ళు. బూటులో గూడు, టీ కప్పులో గూడు, సరోజ నెమలికంఠం రంగు చీర మడత మడతకీ గూడు. నారాయణప్ప వాటిని ఒక్కొక్కటే వేలితో తాకి చూశాడు. తర్వాత కింద కూలబడ్డాడు.

“రోగం కాదప్పా. పండినాయి. పండిన పురుగు ఆకు ముట్టదు. తల ఎత్తి గూడు కట్టే చోటు కోసం దేవులాడుతుంది. అదే చెప్పబోతే నువ్వు ఇననే లేదు.”

“అంటే... నేను పాడుచేయలేదా?”

“తట్టల్లోనే వదిలేసుంటే ఒకదాని మీద ఒకటి పడి పట్టంతా పాడయ్యేది. చంద్రికెలో చేసేదీ ఇదే, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సందు చూపిస్తాం.” తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “తెలీకనే నా పంట నిలబెట్టినావు. తెలీదని ఒక్క మాట చెప్పుంటే, ఇప్పుడు నా గుండె నిలబడిపోయేది కాదు.”

నిజంగా సిగ్గుపడ్డాను. పంట దక్కిందన్న సంతోషం కంటే ఆ సిగ్గే ఎక్కువగా ఉంది. ఆ రోజంతా అతని పక్కన కూర్చుని, మిగిలిన పురుగులను చంద్రికెల మీదికి ఎత్తాను. ఈసారి చెప్పింది చెప్పినట్టు విన్నాను. కొన్ని రోజులకు గూళ్ళు గట్టిపడ్డాక, అందరం కలిసి కోట్లు, చీరలు దులిపి పంట కోశాం. కోటు దులిపి పంట కోసిన రైతు మా జిల్లాలో నారాయణప్ప ఒక్కడే అయ్యుంటాడు. గూళ్ళు మార్కెట్‌కు చేరాయి. విత్తనాలకు ఇక దిగుల్లేదని అతను పాలు ఒక చెంబు ఎక్కువే పోశాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనే నేనూ అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు బీపీ మాత్రలు అయిపోయి, పాస్ తీసుకుని చింతామణికి బయలుదేరాను. కోటు చూస్తే పోలీసులు మర్యాద ఇస్తారని, ఉన్నవాటిలో శుభ్రంగా కనిపించిన బూడిదరంగు కోటు తొడుక్కున్నాను. అంత ఎండలో! చెక్‌పోస్టులో పోలీసాయన ఆపాడు.

“యాడికప్పా? పాస్ తోర్సి.”

“చూపిస్తా సార్,” అని దర్జాగా లోపలి జేబులో చెయ్యి పెట్టాను. మెత్తగా ఏదో కదిలింది. పాస్‌తో పాటు రెక్కలొచ్చిన రెండు తెల్లని పట్టుపురుగులు బయటికి వచ్చి, నా గుండెల మీద, కోటు అంచు పట్టుకుని నిలబడ్డాయి. కోతలో నా జేబు ఒకటి మరిచిపోయామన్నమాట. అవి రెక్కలు టపటపలాడించి, నా పరువు గురించి ఏమాత్రం ఆలోచించకుండా, ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

పోలీసాయన పాస్ చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ నా కోటు చూశాడు.

“పాస్ ఒకరికే ఉండాది. ఈ ఇద్దరెవరు?”

“సార్, అవి...”

“మాస్కు లేదు, దూరం లేదు. నడిరోడ్డులో ఏమప్పా ఈ కాపురం?”

వెనక వరసలో నిలబడ్డ బండ్లవాళ్ళంతా హారన్లు ఆపి నవ్వారు. నన్ను దీవికి తిప్పి పంపారు. మాత్రలు మర్నాడు నారాయణప్ప తెచ్చిపెట్టాడు, ఇచ్చేటప్పుడు నా జేబుల వైపు అనుమానంగా చూస్తూ.

అందుచేత, పాఠక మహాశయులారా, బోరు నీళ్ళ సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట తెలియనిదాన్ని తెలుసననను. ఆకలి లేదన్న ఏ ప్రాణినీ, అది ఎంత నీరసంగా కనిపించినా సరే, నా కోటు జేబులో పెట్టుకోను.