పసుపు నీళ్ల పైపుకు రెండో కొస

డిగ్రీ సర్టిఫికెటు భద్రంగ దాద్దామని చేపల తొట్టి స్టాండు తలుపు తెరిచిన. టేకు కట్టె వాసన గుప్పుమన్నది, దాని ఎంబడే ఎండిన పసుపు వాసన. లోపల చుట్ట చుట్టిన ప్లాస్టిక్ పైపు ఉన్నది. ఎన్నిసార్లు కడిగినా దాని పసుపు పోదు. కాయితం చేతుల పట్టుకొని గట్లనే నేల మీద కూసున్న. పొద్దుగాల కాలేజీ నుంచి వస్తుంటే సంతోషం ఆగక, ఆటోల పక్కన కూసున్న ముసలవ్వకు సుత చెప్పిన. "అవ్వా, నేను బీకాం పాసైన. మా చుట్టాలందరిల డిగ్రీ అయింది నాకే." "మంచిది బిడ్డా, జర గా సంచి ఇటు జరుపు" అన్నది. ఇంటికొస్తే తాళం. అమ్మ మార్కెటుకు పసుపు కొమ్ములు ఏర పోయింది, ఫోను ఇంట్లనే పెట్టింది. నాయన మస్కట్ల డ్యూటీ మీదున్నడు. కబురేమో కడుపుల నిలుస్త లేదు. పాసైన అని ఎవలకన్న చెప్పొచ్చు. కానీ నేను ఫెయిలైన సంగతి ఎరుకున్నది ఒక్క లింబాద్రి పెద్దబాపుకే. గాయన గిప్పుడు లేడు.

పెద్దబాపు మాకు చుట్టం కాదు, పక్కింటాయన. చిన్నప్పటి సంది గట్ల పిలుసుడు అలవాటు. వడ్రంగి. సగం జిందగీ గల్ఫ్‌ల, పెద్ద పెద్ద బంగ్లాలల్ల అల్మార్లు, చేపల తొట్ల కింద స్టాండ్లు చేసిండు. వాపసు వచ్చేసరికి గాయన పెండ్లాం, మా పెద్దమ్మ, కాలం జేసింది. పిల్లలు ముందు సంది లేరు. వచ్చిన ఆర్నెళ్లకే పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. గాయన ఇంట్ల మూడు ఫీట్ల అద్దం తొట్టి ఒకటి దుప్పట్ల చుట్టి నేల మీద ఉండేది. నిజామాబాద్ నుంచి తెప్పించుకున్నడు. మా ఆర్మూర్ల ఏ వడ్రంగిని అడిగినా "చేపల డబ్బాకు స్టాండా? దర్వాజల పని ఒడవనియ్యి, చూద్దాం" అని నవ్వేటోళ్లట.

అప్పుడు నేను సెకండియర్. స్టాటిస్టిక్స్‌ల ఫెయిలైన. అమ్మకు సెలవులని చెప్పి ఇంట్లనే పడుంటున్న. అమ్మకు సదువు రాదు, నా మాటే ఆమెకు మార్కుల మెమో. ఒకనాడు పెద్దబాపు గోడ అవుతల నుంచి పిలిచిండు. "పొల్లా, ఏం జేస్తున్నవే?"

"సెలవులు పెద్దబాపు."

"నెల దినాల సంది సెలవులా? మస్తున్నది మీ కాలేజి. నా చెయ్యి పోయింది, నీ చేతులు ఖాళీగున్నయ్. ఇటు రా."

గట్ల మొదలైంది. గాయన ఇంట్ల పాత దర్వాజ కట్టెలుండె. గాయన కుర్చీల కూసొని చెప్పేది, నేను కోసేది. "గీత మీద కాదే, గీత అవుతల కొయ్యి. రంపం సుత జర కట్టె తింటది." నాలుగు కాళ్లు, మీద పలక, ముందట రెండు తలుపులు. "అద్దంల నీళ్లు తేలిగ్గ కనవడ్తయ్ బిడ్డా. రెండు పసుపు బస్తాలు నెత్తిన పెట్టుకొని రాత్రింబగళ్లు నిలవడాలె గీ స్టాండు. జర వంకరున్నా అద్దం పటుక్కుమంటది." కాసేపాగి తనలోనే మాట్లాడుకున్నట్టు అన్నడు. "ఎన్ని చేసిన్నో లెక్క లేదు. ఒక్కదాంట్ల నీళ్లు పోసినంక చూడలే. కట్టె పని కాంగనే బండెక్కు అనేటోళ్లు." తొట్టి మీది దుప్పటి దిక్కు గాయన ఎందుకు గన్నిసార్లు చూస్తడో నాకు అప్పుడర్థమైంది.

అర్థమైనందుకే భయమైంది. మూడో కాలు కొయ్యంగ చెయ్యి జారి గీత లోపటికి పోయింది, సగం వేలంత పొట్టిగైంది. నేను చెప్పలే. స్టాండు నిలబెట్టినంక గాయన అవుతలికి పోంగనే అట్టముక్క మడత పెట్టి గా కాలు కింద దోపిన.

తెల్లారి పెద్దబాపు పారదర్శకంగ ఉండే సన్న పైపుల నీళ్లు పోసి, గీత మంచిగ కనవడాలని చిటికెడు పసుపు కలిపిండు. ఒక కొస నాకిచ్చి, ఒక కొస ఎడమ చేతుల పట్టుకున్నడు. పైపు ఎట్ల వంగినా రెండు కొసలల్ల నీళ్లు ఒక్క ఎత్తుకే నిలుస్తయ్. స్టాండు అంచుకు ఆనించి చూస్తే వంకర తెలుస్తది. "ఆగిందా?" అని గాయన, "ఆగింది" అని నేను. అన్ని మూలలు సరిగ్గున్నయ్. నా పానం కుదుట పడ్డది. "ఇగ గా మూలకు ఎక్కి కూసో" అన్నడు. నేను కూసున్న. అట్ట అణిగింది. పసుపు గీత అంచు దాటి మీదికి వచ్చింది.

"అట్టముక్క పెట్టినవా?"

"లేదు పెద్దబాపు."

"నాకు చెప్పు అబద్ధం, నేను మనిషిని. నీళ్లకు చెప్పకు."

ఏడుపొచ్చింది. అట్టముక్క సంగతి చెప్పవోయి ఫెయిలైన సంగతి సుత చెప్పేసిన. గాయన తిట్టలే. పైపు కింద పెట్టి, "కోసిన కట్టె మళ్ల పెరగది. పరీక్ష మళ్ల వస్తదా, రాదా?" అన్నడు.

"వస్తది."

"మరి ఏడిస్తే గా కట్టె కోసం ఏడువ్. పరీక్షకెందుకే?" ముక్కు కారంగనే నవ్వొచ్చింది. "పొట్టిదాన్ని పెంచలేం. తక్కిన మూడింటిని దించుదాం. మీ అమ్మకు చెప్పుడు నీ పని, నేను చెప్ప. కానీ అట్టముక్క మీద ఎన్ని దినాలు నిలవడ్తది బిడ్డా?"

స్టాండు అనుకున్నదానికన్న పొట్టిగైంది. చేపలను చూడాలంటే పీట మీద కూసోవాలె. నీళ్లు పోసిన నాడు పెద్దబాపు పీట మీద కూసొని ఎడమ చెయ్యి అద్దానికి ఆనించిండు. ఎర్ర చేప ఒకటి గాయన వేళ్ల కాడికొచ్చి ఆగింది. "ఓ... గిట్లుంటదా?" అన్నడు. అంతే. చీకటి పడేదాక లేవలే. నేను తెల్లారే పోయి పరీక్ష ఫీజు కట్టిన. ఆ తర్వాత ఏ పరీక్షకు బయలెల్లినా గోడ అవుతల నుంచి ఒకటే మాట. "పొల్లా, అట్టముక్క పెట్టి వస్తవా, సక్కగ రాసి వస్తవా?"

మొన్న పసుపు ఉడకబెట్టే దినాలల్ల, నా ఆఖరు పరీక్షలకు ముందుగాల, నిద్రలనే పోయిండు. ఆఖరు పరీక్షలకు పోయిన నాడు గోడ కాడ ఊకెనే జరసేపు నిలవడ్డ. గాయన తమ్ముని కొడుకులు ఇల్లు ఖాళీ జేస్తూ "నీకేమన్న కావాలెనా?" అంటే తొట్టి, స్టాండు అడిగి తెచ్చుకున్న. చేపలను వాళ్లే తీస్కపోయిన్రు. మా ఇంటి బండలు ఎత్తుపల్లం. మళ్ల లెవెల్ చూడాలె. పైపు ఒక కొస కిటికీ కడ్డీకి కట్టి, రెండో కొస పట్టుకొని ఇటు మూలకొచ్చిన. "ఆగిందా?" అని అలవాటుగ అరిచిన. "ఆగింది" అనేటోళ్లు లేరు. పైపు చుట్టి లోపట పెట్టిన. తొట్టి అప్పటి సంది నీళ్లు లేకుంటనే ఉన్నది. రెండో కొస ఇంకొకరికి ఇయ్యబుద్ది కాలే.

పొద్దూకంగ అమ్మ వచ్చింది. చేతులు, చీర కొంగు, కనురెప్పలు సుత పసుపు. కాయితం చూసి, "పాసైనవానే?" అని ఒర్లింది. ఇంత సంతోషం ఆమె మొఖంల ఎన్నడూ చూడలే. గప్పుడే చెప్పాలె అనిపించింది.

"పాసైన అమ్మా. కానీ సెకండియర్ల ఒకసారి ఫెయిలైన. సెలవులని నీకు అబద్ధం చెప్పిన."

 అమ్మ సర్టిఫికెటుకు పసుపు అంటకుంట కొసలు పట్టుకొని చూసింది. "గా ఫెయిలైన కాయితం ఉన్నదా?"

"ఉన్నది."

"పారెయ్యకు. రెండు ఒక్కదగ్గరనే పెట్టు."

పెట్టిన. స్టాండు లోపట, రెండు కాయితాలు ఒకదాని మీద ఒకటి. పైపు బయటికి తీసి నీళ్లు పోసిన. పసుపు కలపనీకి డబ్బా ఎతుకుతుంటే, అమ్మ తన వేళ్లను నీళ్లల్ల ముంచింది, సరిపోయింది. రెండో కొస ఆమె చేతికిచ్చి నేను అవుతలి మూలకు పోయిన.

"ఆగిందా అమ్మా?"

"ఉండవే, జర ఊగుతున్నది" అన్నది.