గంధం పూసిన తాళం

మొన్న మా మేనత్త మనవరాలు ఫోనులో ఒక సందేశం పంపింది. వచ్చే నెల ద్రాక్షారామంలో తన పెళ్ళి. అప్పగింతలప్పుడు స్పీకర్లో ఎవరో పాడినది కాకుండా తన మామ్మ పాటే పాడించుకోవాలని కోరిక. "మావయ్యా, మామ్మ పాటలన్నీ మీ కంప్యూటర్లోనే ఉన్నాయంటగా, పంపరూ?" అని. ఉన్నాయి. అదే నా బాధ.

తొంభైల చివర్లో రామచంద్రపురంలో నాకో డీటీపీ సెంటరు ఉండేది. శుభలేఖలు, వ్రతకల్పాలు, కరపత్రాలు, అన్నీ తెలుగులోనే. మా తరంలో ఈ పని చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ తెలుగు సాఫ్టువేరుకి తాళంలా కంప్యూటరు వెనక గుచ్చే అగ్గిపెట్టెంత ముక్క ఒకటి ఇచ్చేవారు. అది లేకపోతే కొత్త అక్షరం పడదు, పాత ఫైలు తెరుచుకోదు. దాన్ని చూసుకుని నాకెంత గర్వమంటే, సాయంత్రం ఊడదీసి దేవుడి గూట్లో పెట్టేవాణ్ణి, దసరాకి గంధం పూసి బొట్టు పెట్టేవాణ్ణి.

కాకినాడలో కంప్యూటరు పాఠాలు చెప్పే మా తోడల్లుడు ఒకసారి ఓ సీడీ తెచ్చి, ఇందులో తాళం లేని సాఫ్టువేరు ఉందని, దాన్ని ఎలా రాశారో కూడా దాచకుండా చూపిస్తారని, తెలుగు ఇప్పుడిప్పుడే కుదురుకుంటోందని, కాస్త వాడి చూడమని అన్నాడు. నేను నవ్వాను. ఊరికే ఇచ్చేదానికి నాణ్యత ఏముంటుంది, చెడిపోతే ఎవర్ని అడగాలి, అందరికీ లోపలంతా చూపించడమంటే దొంగకి తలుపు తీసిపెట్టడం కాదేంటి అన్నాను.

"ఊరికే అన్నది కాదండీ అన్నయ్యగారూ అసలు సంగతి, దాన్ని అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. నలుగురూ చూస్తుంటేనేనండి కన్నం ఎక్కడుందో తెలిసేది. రేపు మీ కంపెనీవాళ్ళు కొట్టు కట్టేస్తే మీ గతేంటి?" అన్నాడు. ఆ సీడీని నేను టీగ్లాసు కింద పెట్టుకున్నాను.

మా మేనత్త పెళ్ళిపాటలకి పెట్టింది పేరు. వాటిని పుస్తకం వేయిస్తానని మాటిచ్చి, ఆవిడ పాడుతుంటే నేను టైపు చేసేవాణ్ణి. మధ్యలో ఆగి, ఈ చరణం మా తోడికోడలు కట్టిందనీ, ఇది సామర్లకోట నుంచి కోడలిగా వచ్చినావిడ చేర్చిందనీ చెప్పేది. ఎవరికి వచ్చింది వాళ్ళు కలుపుకుంటూ, అడిగినవాళ్ళకి నేర్పుకుంటూ వచ్చిన పాటలవి, ఎవరూ ఎవరికీ పైసా ఇచ్చుకోలేదు, అయినా వాటిని నాసిరకమని నేనెన్నడూ అనుకోలేదు. ఆ పాటలకీ తోడల్లుడి సీడీకీ ఉన్న పోలిక నా కళ్ళముందే ఉండి కూడా నాకు తట్టలేదు. దేవుడి గూట్లోంచి నేను ఆ ముక్క తీయడం చూసి, "పాటలకి తాళమేంట్రా, అవేమన్నా నగలా?" అని ఆవిడ పకపకా నవ్వింది.

శుభలేఖల హడావిడిలో పుస్తకం వాయిదా పడుతూ వచ్చింది. లోపల భద్రంగానే ఉన్నాయిగా అని ఒక్క కాగితమైనా తీసి పెట్టుకోలేదు. ఒక ఆషాఢంలో అత్తయ్య పోయింది. సంవత్సరీకానికైనా పుస్తకం పంచుదామనుకున్నాను. ఆ దసరాకి భక్తి ఎక్కువై గంధం పలచగా కలిపానేమో, అది ఆ ముక్కకుండే సూదుల్లోకి దిగి, మర్నాడు గుచ్చేసరికి సన్నగా పొగ వచ్చింది.

చెన్నైలో ఆ కంపెనీ అప్పటికే ఎత్తేశారు. అదే సాఫ్టువేరు ఉన్న రాజమండ్రి ప్రెస్సుకి పట్టుకెళ్తే, వాళ్ళ కొత్త రకంలో మా పాత ఫైళ్ళు తెరుచుకోలేదు. చివరికి తోడల్లుడి దగ్గరికే వెళ్ళాను. చాలా తంటాలు పడ్డాడు పాపం. "అక్షరాల్ని లోపల ఎలా దాచారో వాళ్ళు ఎవరికీ చెప్పలేదండి, నేనేం చెయ్యను?" అన్నాడు. నవ్వినా బాగుండేది.

అంతకంటే పెద్ద తప్పు నాకు తర్వాత తెలిసింది. పుస్తకం వస్తుందిగా అని మా ఆడవాళ్ళెవరూ ఆ పాటలు నోటికి నేర్చుకోలేదు.

ఇప్పుడు ఆ మనవరాలి ఫోనులో తెలుగు ఏ తాళమూ లేకుండా పడుతుంది. నా సంగతి విన్నాక తను కోప్పడలేదు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి దొరికిన ముక్కలు టైపు చేసి, తెలియని చోట చుక్కలు పెట్టి, ఎవరికి గుర్తున్నది వాళ్ళు చేర్చమని చుట్టాలందరికీ పంపింది. వాళ్ళ వీధి చివర ఉండేవాళ్ళెవరో ఒక చరణం పూర్తిచేశారట. ఆ సందేశం నాకూ వచ్చింది. పాటలన్నీ స్వయంగా టైపు చేసినవాణ్ణి కదా అని ఆ చుక్కల ముందు చాలాసేపు కూర్చున్నాను. అత్తయ్య నవ్వు వినిపిస్తోంది, రాగం కూడా వస్తోంది, మాటలే రావడం లేదు.