నాచారం షెడ్డులో రాగి ప్లేటు

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే నాకు భయం వేయదు, కోపం వస్తుంది. కరెంటు పనిలో తల నెరిసినవాణ్ణి. ఫ్యాను దానంతటదే తిరుగుతోందని, గోడ ముట్టుకుంటే ఎవరో చెయ్యి పట్టి లాగుతున్నారని నన్ను పిలిపించినవాళ్లు బోలెడుమంది. వెళ్లి చూస్తే ప్రతిచోటా లూజు కనెక్షనో, తడిసిన గోడో, ఎలక కొరికిన వైరో. "ఇదిగోనండీ మీ దయ్యం" అని ఆ వైరుముక్క చేతిలో పెట్టి వచ్చేవాణ్ణి.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. జరిగింది పట్టపగలు, బస్తీ జనమంతా చూస్తుండగా.

మాది గుంటూరు జిల్లా. పెళ్లయిన కొత్తలో హైదరాబాదు వచ్చి నాచారంలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. రేకుల షెడ్డు, వరసగా ఇనుము వంచే ప్రెస్సు మిషన్లు, వెనక నీళ్ల మోటారు గది. నాతోపాటు మల్లేశ్ అని ఇంకో ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. పక్క బస్తీలోనే ఇల్లు. నా ఈడువాడే. నన్ను "బావా" అనేవాడు, నా భాషను వెక్కిరించేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు.

మా అందరికీ ఒకేరకం ఖాకీ చొక్కాలు ఇచ్చేవారు. విప్పి మేకుకు తగిలిస్తే ఎవరిది ఎవరు తొడుక్కుపోయారో తెలిసేది కాదు. అందుకని ఇళ్లలో ఆడవాళ్లు కాలరు లోపల ఏదో ఒక గుర్తు కుట్టి పంపేవాళ్లు. మల్లేశ్ భార్య సత్తెమ్మ ఆకుపచ్చ దారంతో చిలకను కుట్టింది. ఆ చిలకను పట్టుకుని వాణ్ణి ఏడిపించని రోజు లేదు.

ఆ షెడ్డుకి ఎర్తింగు చేసింది నేనే. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. భూమిలో ఛాతీలోతు గుంట తీసి, అందులో రాగి ప్లేటు నిలబెట్టి, చుట్టూ ఉప్పు, బొగ్గు దట్టించి పూడ్చేస్తారు. ప్లేటుకు బిగించిన రాగిపట్టీ పైకొచ్చి మిషన్లకు కలుస్తుంది. మిషన్ ఒంట్లోకి కరెంటు దిగితే ఆ దారిన భూమిలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది, మనిషి బతుకుతాడు. గుంటలో దింపేముందు మల్లేశ్ ఆ ప్లేటుకు పసుపు రాసి బొట్టు పెట్టాడు. నేను మూలన పంచ్‌తో నా పేరులో మొదటి అక్షరం కొట్టాను. తర్వాత ఎండాకాలంలో ఆ గుంట గుల్లచేసి ఉప్పు వేసి నీళ్లు పోసే పని మల్లేశ్‌దే.

మరుసటేడు ఒక ప్రెస్సు మిషన్ మీద చెయ్యి వేసిన మల్లేశ్ వేసినట్టే ఉండిపోయాడు. నేను పరుగెత్తి మెయిన్ దించేసరికే అంతా అయిపోయింది.

మీటరు పెట్టి చూస్తే ఎర్తింగు లేదు. ఇంకేం కావాలి! "ఎర్తింగు చేసిందెవరు?" "ఆంధ్రాయన." గుంట తవ్వి చూడండి మహాప్రభో, ప్లేటు పెట్టాను అని నెత్తీనోరూ బాదుకున్నాను. యజమాని తవ్వనివ్వలేదు. పోయినవాడి ఇంటికి ఏదో ముట్టజెప్పి, నన్ను పంపించేసి, కొన్నాళ్లకు ఫ్యాక్టరీకే తాళం వేశాడు. ఆ తర్వాత బ్యాంకువాళ్లు సీలు వేశారు.

ప్లేటు అమ్ముకుని గుంట ఉత్తినే పూడ్చేశానని నాచారమంతా చెప్పుకున్నారు. సత్తెమ్మ మా వాకిట్లోకొచ్చి మన్ను ఎత్తిపోసి శాపనార్థాలు పెట్టింది. నా భార్య కూరగాయలకు వెళితే పక్కనున్నవాళ్లు జరిగి నిలబడేవారు. ఉప్పల్‌కి ఇల్లు మారిపోయాం. ఎన్ని ఏళ్లు గడిచినా ఆ మాట మాత్రం నా వెంటే వచ్చింది. నేను చంపానట! వాడు నాకు పెట్టిన పచ్చిపులుసు రుచి ఇంకా నా నాలిక మీదే ఉంది. నేను వాణ్ణి చంపానట!

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజుల్లో ఆ స్థలాన్ని ఎవరో బిల్డరు కొన్నాడని తెలిసింది. షెడ్డు పడగొట్టి పునాదులు తీస్తారు. తీస్తే ప్లేటు పాత సామాన్లలో కలిసిపోతుంది, నా మీద పడ్డ మాట మాత్రం అలాగే ఉంటుంది. అక్కడి సూపర్‌వైజరును బతిమాలితే ఒక ఆదివారం తవ్వుకోమన్నాడు.

భూమిలో పైపులు, కేబుళ్లు వెతకడానికి నా దగ్గర ఒక పాత మెటల్ డిటెక్టరు ఉంది. కర్ర చివర పళ్లెమంత కాయిలు, పైన బ్యాటరీ డబ్బా, రెంటికీ మధ్య ఒక వైరు. కింద లోహం ఉంటే కాయిలు పసిగడుతుంది, డబ్బా కుయ్యిమని కూస్తుంది. అది భుజాన వేసుకుని, ఇద్దరు మట్టి కూలీలను తీసుకుని వెళ్లాను.

స్థలం గుర్తుపట్టలేకపోయాను. రేకులు ఎవరో ఎత్తుకుపోయారు. గుంట ఉన్నవైపు లారీల కొద్దీ మొరం పోసి ఉంది, దాని మీద తుమ్మచెట్లు. డిటెక్టరు ఎక్కడ పెట్టినా నట్లకీ బోల్టులకీ కూస్తోంది. చాలాసేపు వెతికితే, గుంటలో నీళ్లు పోయడానికి నేను దింపిన ఇనప పైపు దొరికింది. అక్కడ తవ్వమన్నాను.

అప్పటికే ప్రహరీ కూలినచోట ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. చూస్తుంటే చూడనీ అనుకున్నాను. కాసేపటికి పదిమంది అయ్యారు. గుంటలోంచి బొగ్గు పైకి వస్తోంది. నా సంచి పక్కన, దాహానికని మా ఆవిడ పెట్టిన నిమ్మకాయలు, ఉప్పు పొట్లం. చూసేవాళ్లకు ఇదంతా ఎలా కనిపిస్తుందో నాకు తట్టనే లేదు. బొగ్గులు, ఉప్పు, నిమ్మకాయలు, చేతిలో కూత పెట్టే మిషను. ఆదివారం పూట పాడుబడ్డ చోట గొయ్యి తీస్తున్న ముగ్గురు మగాళ్లు. వాళ్లనైనా ఏమనగలను!

"ఏందిరా, గుప్తనిధులా?" అని ఒకడు అరిచాడు.

ఎర్తింగు గుంట అని చెప్పాను. నా మాట వినగానే ఇంకా దగ్గరికి వచ్చారు. మా గుంటూరు యాస ఆ రోజుల్లో వేళాకోళానికి కూడా పనికొచ్చేది కాదు. గుంటలో బలిచ్చేందుకు ఎవర్ని తెచ్చావని ఒక ముసలాయన అడిగాడు. కూలీలిద్దరూ పారలు పడేసి గోడ దూకి పరార్. సూపర్‌వైజరు ఫోను ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయి, నేనే గుంటలోకి దిగి తవ్వడం మొదలుపెట్టాను.

అప్పుడే సత్తెమ్మ వచ్చింది, మల్లేశ్ తమ్ముడు నర్సింగ్‌ను వెంటబెట్టుకుని. మనిషి ఎండిపోయింది, కళ్లు మాత్రం అవే. నన్ను చూసిన క్షణంలో గుర్తుపట్టింది.

"గీడే. గీడేనే మా ఇంటాయనను సంపినోడు. మల్ల ఏం పీక్కపోనీకి వచ్చినవ్ రా?"

చుట్టూ జనం ఒక్కసారి బిగుసుకున్నారు. అంతకుముందు వాళ్లకు నేను నిధుల దొంగను, ఇప్పుడు హంతకుణ్ణి. ఎవడో మట్టిపెడ్డ విసిరాడు. చెవి మీద తగిలింది. అయినా తవ్వాను. ఆ ప్లేటు ఒక్కటి బయటపడితే చాలు, తర్వాత కొట్టినా ఫరవాలేదనిపించింది.

గుంట అడుగు తగిలింది. ప్లేటు లేదు.

రాగిపట్టీ ఒక్కటే బొగ్గులోంచి వేలాడుతోంది. దాని చివర హాక్సా బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంది. ఎవరో ప్లేటు కోసుకుపోయారు! పట్టీ పైకెత్తి చూపించాను. "చూడమ్మా, ఇది రంపంతో కోసిన చివర. నేను పెట్టాను, ఎవరో దొంగిలించారు" అన్నాను.

"నువ్వే కోసి అమ్ముకున్నవ్" అంది సత్తెమ్మ. "ఏదీ నీ ప్లేటు? సూపియ్."

  ఇన్నేళ్లు ఆ గుంటే నా సాక్షి అని నమ్ముకున్నాను. అదీ నాకు ఎదురు తిరిగింది.

నర్సింగ్ నన్ను రెక్క పట్టి పైకి లాగాడు. కాలరు పట్టుకుని రెండు పీకాడు. డిటెక్టరును నా చేతిలోంచి గుంజుకుంటే వైరు పటుక్కున తెగింది. దాన్ని గిరాటు వేశాడు. అది వెళ్లి నీళ్ల మోటారు గది పక్కన, గోడ వారగా పడింది.

పడగానే కుయ్యిమని కూత మొదలైంది.

నన్ను కొట్టడానికి ఎత్తిన చేతులు ఆగాయి. వైరు తెగింది కదా, అందుకే మొత్తుకుంటోంది అనుకున్నాను. ఆపుదామని వెళ్లి ఎత్తాను. కూత ఆగింది. కింద పెట్టాను. మళ్లీ కూసింది. తెగిన వైరును చేత్తో పట్టుకుని చూశాను. రెండు పోగులూ పూర్తిగా తెగాయి. కాయిలు డబ్బాకు కలిసి లేదు. వైరు తెగి మొత్తుకునే మిషను ఎక్కడైనా మొత్తుకోవాలి. రెండడుగులు పక్కకు జరిపాను, నిశ్శబ్దం. గేటు దాకా తీసుకెళ్లాను, నిశ్శబ్దం. గోడ వారకు తెచ్చి అక్కడే పెట్టాను, కుయ్యిమంది. నర్సింగ్ కూడా లాక్కుని పెట్టి చూశాడు. వాడి చేతిలోనూ అంతే.

 ఇందాక బలి సంగతి అడిగిన ముసలాయన చెప్పులు విడిచి నిలబడ్డాడు.  కాయిలు లేని డిటెక్టరుకు కింద ఏముందో ఎలా తెలుస్తుంది? కళ్లు లేనివాడు వేలు పెట్టి చూపించినట్టు అది ఆ ఒక్కచోటే కూస్తోంది.

"తవ్వు" అంది సత్తెమ్మ, నర్సింగ్‌తో.

మోకాలి లోతైనా తవ్వలేదు. ఒక యూరియా సంచి తగిలింది. మూతికి ఖాకీ చొక్కా చుట్టి, ఆ చొక్కా చేతులనే గట్టిగా ముడి వేసి ఉంది. గోడ అవతల రోడ్డు. రాత్రి డ్యూటీలో తెచ్చి ఇక్కడ పాతి, వీలు చూసుకుని గోడ దాటించాలనుకున్న పని అది. సంచి చీల్చితే లోపల రాగి ప్లేటు. మూలన నేను కొట్టిన అక్షరం. కూత అప్పటికే ఆగిపోయింది, ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

నర్సింగ్ ప్లేటును చూస్తున్నాడు. జనమంతా ప్లేటునే చూస్తున్నారు. సత్తెమ్మ మాత్రం చొక్కా తీసుకుంది. మట్టి దులిపింది. కాలరు వెనక్కి మడిచింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. వెలిసిపోయినా ఆ ఆకుపచ్చ దారం తెలుస్తూనే ఉంది. చిలక ముక్కు, తోక.

ఆమె ముఖంలో నెత్తుటిచుక్క లేదు.  ఒరే మల్లేశూ! ఎంతకు అమ్ముదామనుకున్నావురా? నువ్వు బొట్టు పెట్టిన ప్లేటే కదరా!

వాడి పేరు ఒక్కమాట అంటే చాలు, నా మీది మచ్చ కడుక్కుపోతుంది. ఇన్నేళ్ల అవమానం, మా వాకిట్లో పోసిన మన్ను, అన్నీ నోటిదాకా వచ్చాయి. ఆమె నా వైపు చూసింది. బతిమాలలేదు. ఊరికే చూసింది. నేను నోరు మూసుకున్నాను.

"వదినే, ఆ అంగీ ఎవనిది?" అన్నాడు నర్సింగ్.

ఆమె కాలరు లోపలికి మడిచి, చొక్కాను ఉండ చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఏ దొంగనాకొడుకుదో. నాకెట్ల తెల్వాలె?" అంది. తర్వాత జనం వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "ఈ అన్న ప్లేటు పెట్టిండు. ఇగో, ఉన్నది. ఈ అన్న తప్పేం లేదు. చేతులు దించుర్రి."

ఆ "అన్న" అన్న మాటకు నేను అక్కడే, అంతమందిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. నాకు సిగ్గనిపించలేదు.

జనం మాత్రం నన్ను ప్రేమగా ఏమీ సాగనంపలేదు. ఆ మిషను ఇంకోసారి ఈ దిక్కు కనపడితే తగలబెడతామన్నారు. నా నిమ్మకాయలను ఎవరో కర్రతో దూరంగా నెట్టారు.

ఇంటికొచ్చి డిటెక్టరు విప్పాను. తెగిన వైరు తప్ప ఇంకే లోపమూ లేదు. కాయిలు కలపకుండా కింద రాగి, ఇత్తడి, ఇనుము పెట్టి చూశాను. డబ్బాను కొట్టాను, పడేశాను, తడి నేల మీద పెట్టాను. కిక్కురుమనలేదు. వైరు అతికాక మామూలుగా పనిచేసింది, ఇప్పటికీ చేస్తోంది. పాతకాలం సర్క్యూట్లు తెలిసిన ఒక ఇంజినీరుకు చెప్పాను. ఆయన ఏవేవో చెప్పాడు కానీ, ఆ ఒక్కచోటే ఎందుకు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

తర్వాత చాలా రోజులకు ఉప్పల్ రింగురోడ్డు బస్టాపులో సత్తెమ్మ కనిపించింది. తనే నా దగ్గరికి వచ్చింది. చొక్కా సంగతి నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

"ఆ మిషిను మల్ల గట్ల కూసిందా అన్నా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

"గంతే తియ్. నీ మీద మాట పోవాల్నని కూసిండు. ఇగ కూయడు."

బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయింది. నేను దయ్యాలను నమ్మను. ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే వెళ్లి వైరుముక్క చేతిలో పెట్టి వస్తాను. కానీ అప్పుడప్పుడు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ డిటెక్టరుకు కాయిలు పీకేసి, స్విచ్చి వేసి నేల మీద పెట్టి కూర్చుంటాను. ఏమీ వినపడదు. ఆ రోజు ఎందుకు వినపడిందో నాకు తెలియదు.