ఓనరమ్మగారు అడిగిన చిన్న ఫ్లాట్లు

మా ఓనరమ్మగారు పోయారని మొన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బస్సెక్కి గుంటూరు చేరేదాకా ఆవిడ గొంతే వినిపిస్తూ ఉంది. అది చిన్న గొంతేం కాదు లెండి.

నేను పుట్టి పెరిగింది ఆవిడ వాటాల ఇంట్లో. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. ఒక గది, వంటిల్లు మా వాటా. అలాంటివి ఆరు, అందరికీ ఒకటే కుళాయి. నీళ్ళ దగ్గర తగువొస్తే తీర్పు ఆవిడదే. "అరిస్తే ధార లావవుతుందా?" అనేవారు, మా అందరికన్నా గట్టిగా అరుస్తూ.

చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక ఒక బిల్డరు ఆ స్థలం అడిగాడు. ఆవిడ కొడుకులు సరేనన్నారు. ఇక మేం ఖాళీ చెయ్యాల్సిందే. ఆ అద్దెకి ఊళ్ళో ఇంకెక్కడా ఇల్లు దొరకదు. ఊరి బయటికి పోతే నాన్న పనికీ నా చదువుకీ ఇబ్బందే. ఆవిడ ప్లాను చూసి, తన భాగానికొచ్చే పెద్ద ఫ్లాట్లు వద్దు, ఆ చోటులోనే చిన్నవి కట్టమన్నారు. అంత చిన్నవి ఎవరూ కొనరని బిల్డరు నచ్చజెప్పబోయాడు.

"కొనేవాళ్ళ సంగతి నీ ఫ్లాట్లలో చూసుకో నాయనా. ఈ ఆరిళ్ళవాళ్ళకీ చోటు చూపించు, సంతకం పెడతా."

కొడుకులు అలిగి మాట్లాడ్డం మానేశారు. ఆవిడ వాళ్ళకి అన్నం పెట్టారు గానీ సంతకం పెట్టలేదు. చివరికి ఆవిడ మాటే నెగ్గింది, పాత అద్దెకే మేమంతా ఆ చిన్న ఫ్లాట్లలో దిగాం. తనకీ మాదిలాంటి చిన్న ఫ్లాటే ఉంచుకున్నారు.

కొత్త బిల్డింగులో మొదటి ఎండాకాలం, పాత అలవాటుకొద్దీ ఎవరి గుమ్మం ముందు వాళ్ళం మిరపకాయలు పోశాం. అక్కడ ఎండెక్కడిది? ఉన్నది వరండా. గాలికి ఘాటు లేచి అన్ని అంతస్తుల్లోనూ తుమ్ములే. ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళు గోల చేశారు. ఆవిడ తుమ్ముతూ, నవ్వుతూ వచ్చి టెర్రస్ మీద రోజుకో ఇంటికి వంతు పెట్టారు. కొన్నవాళ్ళు ముందు వంతు తమదేనన్నారు. "ఎండని ఎవరూ రిజిస్ట్రేషన్ చేయించుకోలేదుగా" అన్నారావిడ. మరుసటేడు వాళ్ళూ కాయలు తెచ్చి, వరస ప్రకారమే పోసుకున్నారు.

ఆవిడ పుణ్యాన నేను ఆ వీధిలోనే ఉండి, కాలేజీకి నడిచివెళ్ళి చదువుకున్నాను. ఆ మాటంటే "చాల్లే, పోయి పని చూసుకో" అనేవారు.

మొన్న ఆవిడని కిందికి దించడానికి లిఫ్టు సరిపోలేదు. దుప్పట్లో పడుకోబెట్టి మెట్ల మీదుగా తీసుకొచ్చారు. మలుపు దగ్గర పెద్దకొడుకు ఆగి మా నాన్నని చూసి, "బాబాయ్, మీరూ ఒక చెయ్యెయ్యండి" అన్నాడు. నాన్న ఒక కొస పట్టుకున్నాడు. పక్క ఫ్లాటు టైలరు సాయిబుగారు ఇంకో కొస అందుకున్నారు. మిగిలినవాళ్ళం గోడకి ఒత్తుకుని నిలబడి, ఆవిడకి చోటిచ్చాం.