బావ సైకిలుకు నా చక్రం

మొన్న శనివారం మా అక్క మనవరాలు నెల్లూరు నుంచి కొత్త గేర్ల సైకిలు వేసుకొని మా ఇంటికొచ్చింది. దాన్ని వరండా గోడకు ఆనించి, నేనిచ్చిన మజ్జిగ తాగుతూ, ఫోనులో స్నేహితులతో గంటసేపు ఒకటే వాదన. వచ్చే నెల వీళ్లంతా ఉదయగిరి కొండ మీది నుంచి రాళ్లదారిన సైకిళ్ల మీద దిగుతారట. దిగడానికి ఇరవై తొమ్మిది అంగుళాల చక్రం మంచిదా, ఇరవై ఏడున్నర మంచిదా అన్నది తగువు. పెద్ద చక్రమైతే రాళ్ల మీద ఆగకుండా దొర్లిపోతుందని ఈ పిల్ల, చిన్నదైతే మలుపుల్లో చెప్పిన మాట వింటుందని అవతలివాళ్లు. చివరికి ఫోను పక్కన పెట్టి, "చిన్నమ్మమ్మా, నువ్వు దినామూ సైకిల్ మీద బడికి పొయ్యేదానివంట గదా, నువ్వు చెప్పు, దిగేటప్పుడు పెద్ద చక్రమే గదా మేలు?" అని నన్నడిగింది. నవ్వి ఊరుకోవలసిన మాట. కానీ డెబ్బై దాటిన ఈ వయసులో కూడా ఆ ప్రశ్న చెవిన పడగానే నాకు ఒళ్లు భగ్గుమంది. ఎందుకంటే అదే ప్రశ్నను అడ్డం పెట్టుకొని ఒకప్పుడు ఒక మనిషి నా ఉద్యోగం ఊడగొట్టబోయాడు. ఆ మనిషి ఈ పిల్లకు స్వయానా తాత.

మాది బిట్రగుంట రైల్వే కాలనీ. మా నాయన లోకో షెడ్డులో ఫిట్టరు. బొగ్గు ఇంజన్ల కాలం నాటి బిట్రగుంటను చూసిన నా ఈడు వాళ్లకు ఆ కాలనీ గురించి నేను చెప్పనక్కరలేదు. ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగు తిరిగేది, షెడ్డు కూత విని అమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు. నేను టీచరు ట్రైనింగు ముగించుకొని వచ్చేటప్పటికి నాయన నాకోసం ఒక లేడీస్ సైకిలు కొని ఉంచాడు. ఇరవై రెండు అంగుళాలది, వెనక చక్రానికి చీర పడకుండా వల, హ్యాండిలుకు గుండ్రటి గంట. ఆ సైకిలెక్కి మొదటిసారి చర్చికి వెళ్లిన ఆదివారం ఆడవాళ్లంతా నన్ను చూసిన చూపులు నేను మరిచిపోలేదు, అవి మెచ్చుకోలు చూపులని ఇప్పటికీ నమ్ముతాను. ఆ తర్వాత కొన్నాళ్లకే ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. సముద్రం ఒడ్డున ఒక పట్టపుపాలెం, చేపలు పట్టేవాళ్ల ఊరు, అక్కడి బడిలో పంతులమ్మ పని, పదిహేను రోజుల్లోగా చేరాలి.

ఆ ఊరికి బస్సు లేదు. పెళ్లికాని పిల్లను అక్కడ గది తీసుకొని ఉండనిచ్చే రోజులు కావు. రోజూ సైకిలు మీద పోయిరావలసిందే, పోవాలంటే కాలవ వంతెన దాటవలసిందే. పడవలు కిందనుంచి పోవాలని కట్టిన పాతకాలపు వంతెన అది, ఒంటె వీపులా నడుమ ఎత్తుగా లేచి ఉండేది. ఎక్కడం కష్టమే కానీ ఎక్కడానికి ఎవరూ భయపడేవాళ్లు కాదు, దిగి నెట్టుకుంటూ ఎక్కేవాళ్లు. భయమంతా అవతలి దిగుడులోనే. కంకర లేచిపోయి గుంటలు, చివర ఒక మలుపు, మలుపు తిరగ్గానే ఇసుక. చేపల గంపలు కట్టుకొచ్చే సైకిళ్లవాళ్లు కూడా అక్కడ ఒకసారి యేసుప్రభువును తలుచుకొనేవాళ్లు.

ఇక మా బావ. అక్క భర్త, కాపురం మా ఊళ్లోనే. ఆయనా పంతులే, ఆ వంతెన అవతల రెండు మైళ్ల దూరంలో ఇంకో బడిలో పని. ఇరవై నాలుగు అంగుళాల నల్ల సైకిలు మీద, ప్యాంటు కాళ్లకు క్లిప్పులు పెట్టుకొని, వెన్ను నిటారుగా నిలిపి పోయేవాడు. మా ఇంట్లో పెద్దల్లుడి మాట అంటే మాటే. ఆయన కూర్చుంటే నాయన కుర్చీ చివరికి జరిగేవాడు, ఆయన చెప్పినదానికి అమ్మ వంటింట్లోనుంచే "ఊ" అనేది. అల్లుడు చెప్పినదాన్ని నిజమా అని వెనక్కి తిరిగి అడగడం మా వాళ్లలో అల్లుణ్ణి ఇంట్లోంచి పొమ్మన్నంత తప్పు.

ఉత్తర్వు వచ్చిన సాయంత్రం ఆయన మా వరండాలో కూర్చొని, నా సైకిలును కాసేపు తేరిపార చూసి, ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఇరవై రెండుకు చిన్న చక్రం, ఇరవై నాలుగుకు పెద్ద చక్రం. పెద్ద చక్రం గుంట ఇవతలి అంచు నుంచి అవతలి అంచుకు అడుగు వేసినట్టు దాటిపోతుంది, చిన్నది ముక్కు పెట్టి లోపల పడుతుంది. పైగా దిగుడులో చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి గనక ఇరుసు లోపలి ఉక్కుగుండ్లు, ఆ బాల్సు, వేడెక్కి పట్టేస్తాయి, పట్టేస్తే మనిషి హ్యాండిలు మీదినుంచి ఎగిరి కాలవలో పడుతుంది. ఇరవై నాలుగు ఎక్కుదామా అంటే దానికి నడుమ అడ్డబద్ద, చీర కట్టుకున్న ఆడపిల్ల ఎక్కలేదు. కాబట్టి ఉద్యోగం వద్దని రాసి పంపడమే క్షేమం. "దినామూ దిగతా ఉండేవాణ్ణి, నాకు తెలవదా మామా?" అని ముగించాడు. నాయన తల ఊపాడు. ఇంజను చక్రాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచే మనిషి, జేబులో ఎప్పుడూ మడతల కొలబద్ద ఉండే మనిషి, అల్లుడి మాటకు మాత్రం కొలబద్ద తీయలేదు.

ఆయన అసలు ఉద్దేశం నాకు అప్పుడే తెలుసు. అక్కకు మూడో కాన్పు దగ్గరపడుతోంది, ఇద్దరు చిన్నపిల్లలు. నేను ఇంట్లో ఉంటే వాళ్లను నా చంకన వేయవచ్చు. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. నిన్నటిదాకా ఆయన కాళ్లకు నీళ్లిచ్చిన మరదలు రేపటినుంచి ఆయనతో సమానంగా హాజరు పట్టీలో సంతకం పెడుతుంది. అది ఆయనకు మింగుడు పడలేదు. ఆ మాట నోటితో అని ఉంటే నేను క్షమించేదాన్నేమో. నా మీద ప్రేమతో చెబుతున్నట్టు చెప్పాడే, అందుకు నా కడుపు మండింది.

మూడో రోజు నాయన సైకిలు అమ్మేయమన్నాడు. నేను ఏడుస్తూ దాన్ని స్టేషను దగ్గరి సైకిలు షాపుకు నడిపించుకొని పోయాను. ఆ షాపు అన్న నా సైకిలును పరీక్షగా చూసి, ముందు టైరు అరిగిందని, కొత్తది వేస్తే మంచి బేరం వస్తుందని, గోడకు వేలాడే టైర్లలోంచి ఒకటి తీశాడు. అంతకు ముందు క్షణమే ఎవరిదో ఇరవై నాలుగుకు అదే కట్టలోంచి టైరు తీసి ఎక్కించడం నేను చూశాను. ఇది నా చిన్న చక్రానికి ఎలా పడుతుందన్నా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "ఇరవై రెండు, ఇరవై నాలుగు అనేది సీటు కింద గొట్టం పొడుగమ్మా. చక్రం దేనికైనా ఇరవై ఎనిమిదే. ఇన్నేండ్లుగా ఏస్తా ఉండాను గదా!" అన్నాడు. నాకు నమ్మకం కుదరక రెండు చక్రాలూ విప్పించి పక్కపక్కన నిలబెట్టించాను. ఒకదాని వెనక ఒకటి దాక్కుంది. కాలనీ మొత్తం, మా బావతో సహా, అన్నేళ్లుగా సైకిలు ఎత్తును చక్రం ఎత్తనుకొని వాదించుకున్నాం. ఇంతా చేసి ఎవరూ ఒకసారి వంగి చూడలేదు.

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. ఆ సాయంత్రమే ఇంటికి పోయి నాయన చెవిలో ఈ మాట వేసి ఉంటే ఆయన లేచి కొలిచేవాడు, నన్ను బడికి పంపేవాడు, ఇంట్లోవాళ్ల మధ్యే ముగిసిపోయేది. నేను చెప్పలేదు. చేరడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అలా చప్పుడు లేకుండా అయిపోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మర్నాడు బావ తన సైకిలును నూనె వేయించడానికి అదే షాపులో వదిలాడు. నేను అన్నను బతిమాలి నా ముందు చక్రం ఆయన సైకిలుకు, ఆయనది నా సైకిలుకు వేయించాను. అన్నకు మనసొప్పలేదు, పంతులుగారితో మాట వస్తుందన్నాడు. నేను కదలకుండా నిలబడ్డాను. నా చక్రపు ఇరుసు దగ్గర ఒక ఊచకు నీలం ఊలుదారం నాలుగు చుట్లు చుట్టి గట్టిగా ముడివేశాను. ఇంట్లో మాత్రం సైకిలుకు బేరం ఇంకా కుదరలేదని చెప్పాను. ఆ తర్వాత ఆ వారమంతా బావ నా చక్రం మీద వంతెన దిగాడు. బుధవారం సాయంత్రం వరండాలో కూర్చొని, ఆ రోజు దిగుడులో గోనెసంచి వెడల్పు గుంట అడ్డమొస్తే తన పెద్ద చక్రం దాన్ని లెక్కచేయకుండా దాటిందని, అదే ఇరవై రెండయితే ఈపాటికి శవం లేచేదని నాయనకు చెప్పాడు. నేను కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి, అవును బావా అన్నాను. అంత కమ్మటి కాఫీ నేను మళ్లీ కలపలేదు.

ఆదివారం ఆరాధనలో అయ్యగారు ఏం ప్రసంగించారో నాకు ఒక్క ముక్క తెలియదు. నా కళ్లు కిటికీలోంచి, బయట గోడకు ఆనించిన మా రెండు సైకిళ్ల మీదే ఉన్నాయి. బయటికొచ్చాక, మగవాళ్లంతా గోడ నీడన నిలబడి మాట్లాడుకుంటుంటే, నేను వినయంగా వెళ్లి, బావా, ఆ చక్రాల సంగతి ఇంకొక్కసారి చెప్పండి, నాకు సరిగా ఎక్కలేదు అన్నాను. ఆయన సంతోషంగా చెప్పాడు. బాల్సు వేడెక్కడం, మనిషి ఎగరడం, కాలవలో పడడం, అన్నీ చెప్పాడు. చేతులతో చక్రం గీసి చూపించాడు. అయ్యగారు కూడా వచ్చి నిలబడేదాకా చెప్పనిచ్చాను. అప్పుడు, "నాయనా, మీ కొలబద్ద ఒకసారి తియ్యండి" అన్నాను.

నాయన కొలిచాడు. నా సైకిలు చక్రం కొలిచాడు, అల్లుడి సైకిలు చక్రం కొలిచాడు, మళ్లీ నా సైకిలుది కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. కొలబద్ద మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరో ముసిముసిగా నవ్వారు. నేను అక్కడితో ఆపి ఉండవచ్చు. ఆపలేదు. ఆయన సైకిలు ముందు వంగి నీలం దారం చూపించి, "బావా, ఈ దారం నేను కట్టినదే. వారంనుంచీ మీరు దిగింది నా చక్రం మీదనే" అన్నాను. దాంతో చర్చి ఆవరణ గొల్లుమంది. అయ్యగారు దగ్గినట్టు నటించి అటు తిరిగారు. బావ ముఖం మాడిపోయింది. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్లిపోయాడు, వెనకే అక్క, చంకలో ఒక పిల్ల, చెయ్యి పట్టుకొని ఇంకొకడు. అక్క ఒక్కతే నవ్వలేదు. మొగుణ్ణి వెనకేసుకొస్తోందని ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది.

గురువారం నేను ఉద్యోగంలో చేరాను. బావ నాకంటే ముందే బయల్దేరేవాడు, కానీ దిగుడులో నన్ను చూస్తే సైకిలు దిగి ఒక పక్కకు జరిగి నడిచేవాడు. నేను బ్రేకు వదిలేసి, గంట మోగిస్తూ ఆయన పక్కనుంచి దూసుకుపోయేదాన్ని. ఒక్కరోజు కూడా మానలేదు. ఎండలోనూ, ముసురులోనూ, ఒళ్లు కాలే జ్వరంలోనూ ఆ గంట మోగించాను. గాలికి చీరకొంగు ఎగురుతుంటే, ఆయన తలవంచుకొని నిలబడితే, నాకు కలిగిన ఆనందం జీతం తెచ్చిన ఆనందం కంటే పెద్దది.

ఆయన నన్నేమీ చేయలేకపోయాడు. అక్కను మా గడప తొక్కనివ్వలేదు. మూడో కాన్పుకు మా ఇంటికి రావలసిన మనిషిని గూడూరు దగ్గర తన తల్లి ఇంటికి తీసుకుపోయాడు. అమ్మ బాలింత కోసం కాయం మందు దంచి డబ్బాలో పెట్టుకొని, ఇవాళ పంపుతాడు, రేపు పంపుతాడు అని ఎదురుచూసింది. కొన్నాళ్లకు అది రాయిలా గట్టిపడిపోయింది. ఆరేళ్లపాటు అక్కను చర్చిలో తప్ప చూడలేదు. ఆడవాళ్ల వైపు నాకంటే రెండు వరసలు ముందు కూర్చొనేది, నాకు ఆమె జడ మాత్రం కనబడేది. నాతో మాట్లాడితే ఇంటికెళ్లాక ఆమెకు ఏం జరిగేదో అప్పట్లో నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సిందని నాకు తోచనుకూడా లేదు. బావ మీద పగ అంత తీపిగా ఉండేది.

ఇప్పుడు ఆ వంతెన లేదు. దాని పక్కన కట్టిన కొత్తది చాపలా చదునుగా ఉంది, దాని మీద ఎక్కుడూ లేదు దిగుడూ లేదు. కాలవలో పడవలు లేవు, బడికి పోయే పంతులమ్మలు స్కూటర్ల మీద బావలను అడగకుండా పోతున్నారు, కొండలు దిగే పిల్లలు ఏ చక్రం కావాలో తమలో తామే తేల్చుకుంటున్నారు. చూసి సంతోషిస్తాను, కాస్త ఈర్ష్య కూడా పడతాను. బావ పోయి చాలా ఏళ్లయింది. ఆయన పోయిన తర్వాత ఒకరోజు, చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఆ ఆదివారం నువ్వెందుకు నవ్వలేదక్కా అని అడిగాను. అక్క చేతిలోని కాయ ఆపలేదు. "నువ్వు గెలిచినావు మే. ఆయన వెంట ఇంటికి పొయ్యింది నేను గదా" అంది.

నాయన చెవిలో ఒక్క మాట వేసి ఉంటే నా ఉద్యోగం నాకు దక్కేది, అక్క కాన్పుకు మా ఇంటికి వచ్చేది. ఇది తెలిసి కూడా, నిజం చెప్పాలంటే, ఆ ఆవరణలో లేచిన నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ లోపల హాయిగానే ఉంటుంది. అక్క ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని గుర్తు తెచ్చుకోను.