ఉల్లిగడ్డల దుకాణం మీద నా పేరు

సినిమాల మొదట్ల పడే టైటిల్స్ డిజైన్ చేస్తుంట. మొదటి సినిమాకైతే మా మాదన్నపేట మార్కెట్‌ను షూట్ చేసి, పనిచేసినోళ్ల పేర్లన్నీ దుకాణాల బోర్డుల మీద రాసినట్టు పెట్టిన. రంగు వెలిసి, అచ్చం పాత బోర్డుల తీరుగనే కనిపించినయి. మస్తు కుదిరిందని మురిసిన.

మలక్‌పేట థియేటర్ల అమ్మ, నేను, డైరెక్టర్ సార్ ఒక్క వరుసల కూసున్నం. నా పేరొచ్చింది.

"మన ఉల్లిగడ్డల మల్లేశు దుకాణానికి నీ పేరు పెట్టిండేందే?" అన్నది అమ్మ గట్టిగ. చుట్టూ ఉన్నోళ్లు నవ్విన్రు. కొంచెం ఆగి, "పేర్లు ఎప్పుడు పడ్తయి బిడ్డా?" అనడిగింది.

అప్పటికే అందరి పేర్లు అయిపోయినయి. డైరెక్టర్ సార్ నా దిక్కు చూడలే.

ఇప్పటికీ టైటిల్స్ పంపే ముందు అమ్మకు చూపిస్త. ఆమె ఒక్కో పేరు కాడ ఆగి "ఈయన ఎవరే?" అని అడిగితేనే నా పని అయినట్టు.