నేను తీసేసిన ఆలస్యం

మదనపల్లెలో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో నేను ఒక ప్రోగ్రామును కొంచెం మార్చాను. నాలుగు వరుసలు తీసేశాను, అంతే. ఆ సంగతి ఒక మనిషికి చెప్పవలసింది. చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేడు.

తొంభైలలో మేమిద్దరం మదనపల్లెలో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. తర్వాత ఆయన శాంతిపురం దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి, కుప్పంలో కాపురం పెట్టాడు. ఆ ఫ్యాక్టరీలో దుమ్ము అణచడానికి నీళ్లు పెట్టకుండా రాళ్లు కోయించేవారు. దుమ్ముకు దగ్గి దగ్గి మంచాన పడినవాళ్ల పేర్లు హాజరు పుస్తకంలో కొట్టేయడం ఆయన పని. కొన్నాళ్లకు ఆ పనికి మనసొప్పలేదు. పై అధికారులకు రాస్తానన్నాడు. కానీ రాసింది ఎవరో తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఇంటికి ఆ జీతమే ఆధారం.

పంపినవాళ్లెవరో తెలియకుండా మెయిల్ చేరవేసే ప్రోగ్రాము ఒకటి నెట్‌లో ఉచితంగా దొరికింది. దాన్ని నా సెంటర్‌లో ఒక కంప్యూటర్‌లోనూ, పుంగనూరులో మా బావమరిది జిరాక్స్ షాపులో ఒక పాత కంప్యూటర్‌లోనూ పెట్టాను. ఆయన కుప్పంలో ఒక సెంటర్‌లో కూర్చుని రాస్తే, ఉత్తరం పుంగనూరుకు, అక్కడి నుంచి మదనపల్లెకు, ఆ తర్వాత బయటికి వెళ్లేది. రెండు చోట్లా కొన్ని గంటలు ఆగి, నేను పంపే ఉత్తుత్తి ఉత్తరాలతో కలిసి కదిలేది. ఎప్పుడు రాశారో, ఎప్పుడు బయటపడిందో పోల్చి చూసినా ఏమీ తేలకూడదని ఆ ఆలస్యం. ఎవరైనా కంప్యూటర్ ఎత్తుకుపోయినా ఏమీ దొరక్కుండా, ఆగినంతసేపూ ఉత్తరం డిస్కులోకి ఎక్కేది కాదు.

"నీ పెట్టె పొద్దస్తమానం బుర్రుమంటాండాది బావా, ఒక్క కాగితం కూడా కక్కదు" అనేవాడు బావమరిది.

పుంగనూరులో కరెంటు పోతే ఆగి ఉన్న ఉత్తరాలన్నీ పోయేవి. చేరినట్టు రసీదు వచ్చే ఏర్పాటు లేదు. రసీదు వెనక్కి రావాలంటే అది వచ్చే దారి కూడా ఉండాలి గదా. అలా ఆయన రాసిన రెండు ఉత్తరాలు పోయాయి.

"బాయిలో రాయేస్తే సప్పుడన్నా వస్తాది గదప్పా. దీంట్లో అది కూడా లేదు" అన్నాడు ఆయన.

ఒక మార్చిలో ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. సోమవారం అధికారులు తనిఖీకి వస్తున్నారట. ఫ్యాక్టరీవాళ్లు ఆ ఒక్కరోజుకు అద్దె పైపులు తెచ్చి నీళ్లు పెట్టి చూపిస్తారట. చెప్పకుండా ముందే వచ్చి చూడమని శుక్రవారం రాస్తానన్నాడు. "ఈ తూరి మాత్రం పోవాలప్పా."

ఆగే ఉత్తరాన్ని తాళం వేసి డిస్కులో దాచి, కరెంటు వచ్చాక పంపేట్టు రాయవచ్చు. రెండు రోజుల పని. నాకు తీరిక లేక కాదు, బద్ధకించాను. ఆగమని చెప్పే నాలుగు వరుసలు తీసేశాను. ఆ వరుసలు ఎందుకున్నాయో నాకు బాగా తెలుసు. కుప్పంలో ఇదంతా ఎవరు చూస్తారులే అనుకున్నాను. ఆ మాట ఆయనకు చెబితే వద్దంటాడేమోనని చెప్పలేదు.

ఉత్తరం ఐదు నిమిషాల్లో చేరింది. శనివారమే తనిఖీ జరిగింది. పైపులు లేవు. నేను సంతోషించాను.

ఆ ఉత్తరం నకలు, పైన టైముతో సహా, యజమాని చేతికి ఎలా వచ్చిందో తెలియదు. రాసింది ఫ్యాక్టరీ మనిషేనని చదివితేనే తెలుస్తుంది. ఫ్యాక్టరీకి దగ్గర్లో నెట్ ఉన్నది కుప్పంలోనే, అక్కడా అప్పుడు ఉన్నవి మూడు సెంటర్లు. యజమాని మనిషి వెళ్లి, వచ్చినవాళ్లు పేర్లు రాసే రిజిస్టర్లు చూశాడు. ఉత్తరం బయటపడింది పదకొండూ పదికి. ఒక రిజిస్టర్లో ఆయన పేరు, ఊరు, పదకొండూ ఐదుకు లేచినట్టు సంతకం ఉన్నాయి. సెంటర్ వాళ్లు తెలిసినవాళ్లే. వాళ్ల ముందు వేరే పేరు రాస్తే నవ్వుతారు.

ఉద్యోగం పోయింది. చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ తీసుకోలేదు. ఐదేళ్లు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో ఒక గోడౌన్‌కు పోయి వచ్చాడు. తర్వాత గుండె ఆగిపోయింది. రైలే చంపిందని నేను అనను. కాదని కూడా అనలేను.

కర్మంతరాల రోజు భోజనాలయ్యాక ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది.

"కడదాకా ఒకటే మాటన్నా. ఆడ నా సొంత పేరు యాల రాసినానో అని. వేరే పేరు రాసుంటే సరిపోతాండెనా?"

తప్పు ఆయనది కాదని చెప్పాను. ఉత్తరం కొన్ని గంటలు ఆగవలసిందని, ఆగకుండా చేసింది నేనని, ఆగి ఉంటే ఆ సంతకానికీ ఆ ఉత్తరానికీ ఎవరూ ముడిపెట్టలేకపోయేవారని చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"ఈ మాట ఆయప్పకు చెప్పినావా?"

లేదన్నాను.

"ఐదేండ్లు తన్ను తానే తిట్టుకున్నాడు గదన్నా."

నేను ఎక్కవలసిన పలమనేరు బస్సుకు టైమవుతుందని చెప్పి ఆమె లోపలికి వెళ్లిపోయింది.